తక్‌పట్టి ఎనుక చేసిన రోహిణి లెక్క

పోయిన సంక్రాంతికి ఊరికి పోయిన. మాది పరకాల అవతల, డాబా ఎక్కితే ఇప్పటికీ చుక్కలు మంచిగనే కనవడ్తయి, హన్మకొండల మా అపార్ట్‌మెంట్ మీదికెళ్లి చూస్తే పది చుక్కలు లెక్కవెట్టుడే కష్టం. అమావాస్య దగ్గర రోజులు కాబట్టి రాత్రి చందమామ లేడు. అన్నాలు తిన్నంక నేను, మా అక్క బిడ్డ, అమ్మ ముగ్గురం దుప్పట్లు కప్పుకొని పైన కూసున్నం. టైం తొమ్మిది అయితుండె. అక్క బిడ్డ ఇంటర్ సెకండియర్, ఎంపీసీ, ప్రశ్నలకు కొదవ లేదు.

తూర్పు దిక్కు మస్తు మెరుస్తున్నదాన్ని చూపించి అది గురుడు, చుక్క కాదు అని చెప్పిన. పిల్లలకోడి చూపించిన, గొర్రుకొయ్యలు చూపించిన (మా నాయినమ్మ మూడు చుక్కల వరుసను గట్లనే అంటుండె). ఇగ నడినెత్తి మీద ఎర్రగ ఉన్నదాన్ని చూపించి ఇది రోహిణి, ఇంగ్లీషోళ్లు ఆల్డెబరాన్ అంటరు, సూర్యునికన్న నలభై అయిదు రెట్లు వెడల్పు ఉంటది అన్న. మన వరంగల్ 18 డిగ్రీల అక్షాంశం, రోహిణి ఉండేది పదహారున్నర డిగ్రీల కాడ, అందుకే మనకు దాదాపు నెత్తి మీదికెళ్లే పోతది, మెడ ఎనుకకు విరగబెట్టి చూడాలె.

"నీకెట్ల తెలుసు మామా?" అన్నది.

పుస్తకంల ఉంది కదనే అన్న.

"మరి పుస్తకం రాసినోనికి ఎట్ల తెలుసు? టేప్ వెట్టి కొలిచిండా?"

ఇరవై ఏండ్ల సంది ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్తున్న. స్టీఫాన్ సూత్రం, వీన్ సూత్రం బోర్డు మీద ఎన్నిసార్లు రాసిన్నో లెక్క లేదు, రెండు మార్కుల ప్రశ్న, నాలుగు మార్కుల ప్రశ్న అని పిల్లలకు మార్కింగ్ కూడ చెప్పిన. కాని నా సొంతంగ ఒక్క చుక్క సైజు కూడ ఎన్నడూ లెక్క కట్టలే. గా మాట ఆ పిల్ల ముంగట ఒప్పుకోవాలంటే సిగ్గనిపించి, సరే పా, రేపు కట్టి చూద్దాం అన్న.

మధ్యల అమ్మ అందుకున్నది, "రోహిణి కార్తెల రోళ్లు పగుల్తయంటరు, గా ఎండలు ఈ చుక్కవేనా?" అని. చానా మంది గిట్లనే అనుకుంటరు. రోహిణి కార్తె అంటే సూర్యుడు ఆకాశంల రోహిణి చుక్క దిక్కు ఉండే రోజులు, మే ఆఖర్ల మొదలయ్యే రెండు వారాలు. అంటే ఆ రోజులల్ల రోహిణి పొద్దున సూర్యునితోనే లేసి సూర్యునితోనే మునుగుతది, కంటికి కనవడనే కనవడదు. ఎండ సూర్యునిదే, పేరు మాత్రం పాపం దీనిది. అమ్మకు ఇది నచ్చలే, "కనవడని చుక్క పేరు ఎవడు పెడ్తడు" అన్నది, అదీ కరెక్టే.

చుక్క గురించి మనకు చేతికి దొరికేది దాని వెలుగు ఒక్కటే, ఇంకేం లేదు. గా వెలుగు ఎంతుంది, ఏ రంగుల ఉంది, ఏడాదిల చుక్క ఎటు కదిలింది, ఈ మూడు కొలిస్తే మిగిలిందంత లెక్కనే. మొదటిది మనమే కొలుద్దామని పట్టుబట్టిన. హన్మకొండల పెండ్లి ఫొటోలు తీసే దోస్తు దగ్గర పండుగ కోసమని కెమెరా తెచ్చుకున్న, స్టాండు కూడ ఉండె. రోహిణిని ఒక ఫొటో, పక్కన వృషభరాశి కొమ్ము కొసన ఉండే ఎల్‌నాథ్‌ను ఒక ఫొటో తీసినం. ఎల్‌నాథ్ మాగ్నిట్యూడ్ (ఎంత వెలుగో చెప్పే నంబర్) 1.65 అని కేటలాగుల ఉంది, దాన్ని పోల్చి రోహిణిది పట్టాలన్నది ప్లాన్.

ల్యాప్‌టాప్‌ల రా ఫైల్ (కెమెరా పట్టిన నంబర్లు ఉన్నదున్నట్టు ఉండేది) తెరిచి చూస్తే రెండు చుక్కలకూ నడిమిట్ల ఒకటే నంబర్, పదహారు వేల పైన ఆగిపోయి ఉంది. కెమెరా పద్నాలుగు బిట్లది, అంతకన్న ఎక్కువ లెక్కవెట్టలేదు, అంటే బిందె నిండినంక పోసిన నీళ్లు పొర్లిపోయినట్టు, ఎంత పోసినమో బిందెను చూస్తే తెల్వది. మళ్ల డాబా ఎక్కినం. ఈసారి ఫోకస్ కావాల్నని చెడగొట్టిన. మా దోస్తు చూస్తే తిడ్తుండె కావచ్చు గాని, చుక్కల కొలతకు గిదే పద్ధతి, ఒక్క చుక్క వెలుగును మస్తు పిక్సెళ్ల మీద పరిస్తే ఏ పిక్సెల్ కూడ నిండదు. స్క్రీన్ మీద చుక్క సర్వపిండి లెక్క గుండ్రంగ వచ్చింది. ఇగ ఆకుపచ్చ పిక్సెళ్ల నంబర్లన్ని కూడి, పక్కన ఖాళీ ఆకాశం నంబర్ తీసేసి, రెండు చుక్కలను భాగిస్తే 2.1 వచ్చింది. ఎల్‌నాథ్ కన్న రోహిణి మనకు 2.1 రెట్లు వెలుగు.

మాగ్నిట్యూడ్ లెక్క కొంచెం తిక్కది, తక్కువ నంబర్ అంటే ఎక్కువ వెలుగు. 1856ల పోగ్సన్ అనే ఆయన దీన్ని ఒక కొలతకు తెచ్చిండు, అయిదు మాగ్నిట్యూడ్ల తేడా అంటే సరిగ్గ నూరు రెట్లు అని. గా లెక్కన 2.1 రెట్లు అంటే 0.81 తేడా, 1.65ల కెళ్లి తీసేస్తే 0.84. పుస్తకాలల్ల 0.86 దగ్గర ఉంటది, రోహిణి తనే కొంచెం అటూ ఇటూ మారుతుంటది కూడ. పెండ్లి కెమెరాతోని ఇంత దగ్గరికి వచ్చుడంటే నాకైతే మస్తు ఖుషీ అయింది. అక్క బిడ్డ మాత్రం "0.02 ఎందుకు తప్పింది" అని అడిగింది. ఒక చుక్క నీలం, ఒక చుక్క ఎరుపు, మన కెమెరా ఆకుపచ్చకు సైంటిస్టుల ఫిల్టర్‌కు కొంచెం ఫరక్ ఉంటది, గది కూడ ఒక కారణం అని చెప్పిన.

దూరం మాత్రం మనతోని కాదు. బొటనవేలు ముంగట పెట్టి ఒక కన్ను మూసి ఇంకో కన్ను మూస్తే వేలు జరిగినట్టు కనవడ్తది కదా, గదే పారలాక్స్. కన్నులకు బదులు జనవరిల భూమి ఒక దిక్కు, జులైల భూమి ఇంకో దిక్కు. 1838ల బెస్సెల్ మొదటిసారి 61 సిగ్ని అనే చుక్కకు దీన్ని కొలిచి చెప్పిండు. రోహిణికి హిప్పార్కస్ ఉపగ్రహం ఇచ్చిన పారలాక్స్ 48.94 మిల్లీ ఆర్క్‌సెకన్లు, 0.77 అటూ ఇటూ. ఒక డిగ్రీని 3,600 భాగాలు చేస్తే ఒక భాగం ఆర్క్‌సెకను, దాంట్ల వెయ్యో వంతు మిల్లీ ఆర్క్‌సెకను. గయా అని తర్వాత వచ్చిన ఉపగ్రహం, వంద కోట్ల పైన చుక్కలను కొలిచింది గాని మరీ వెలుగున్నవాటికి దాని కెమెరా తట్టుకోలే (నా కెమెరా కష్టమే దానిదీ), అందుకే రోహిణికి ఇప్పటికీ హిప్పార్కస్ నంబరే వాడుతరు.

48.94 మిల్లీ ఆర్క్‌సెకన్లు అంటే ఎంత సన్నదో అక్క బిడ్డకు సమజ్ కాలే. లెక్క కట్టి చెప్పిన, హన్మకొండ చౌరస్తాల నిలవడి ఘట్‌కేసర్‌ల పెట్టిన పది రూపాయల బిళ్లను చూస్తే ఎంత కోణం వస్తదో సుమారు గంత. రైల్ల పోయేటప్పుడు ఘట్‌కేసర్ వచ్చిందంటే ఇగ సికింద్రాబాద్ వచ్చినట్టే అని సంచులు సర్దుకుంటం చూడు, గంత దూరంల బిళ్ల. అదీ ఒక్క నూరు భాగాలల్ల రెండు భాగాల తప్పు కూడ లేకుండ కొలిచిన్రు.

పారలాక్స్ ఒక ఆర్క్‌సెకను ఉండే దూరాన్ని పార్సెక్ అంటరు, గందుకే ఒకటిని 0.04894తోని భాగిస్తే 20.4 పార్సెక్‌లు, అంటే 66న్నర కాంతి సంవత్సరాలు. మనం డాబా మీద చూసిన వెలుగు 1959 ప్రాంతంల బయలెల్లింది, ఇప్పటి వరంగల్ నిట్ అప్పుడు ఆర్ఈసీ పేరుతోని కొత్తగ మొదలైన ఏడు.

కాయిదం కోసం చూస్తే అమ్మ పత్తి అమ్మిన తక్‌పట్టి దొరికింది (మార్కెట్ల ఇచ్చే తూకం చిట్టి), దాని ఎనుక ఖాళీ. గా దూరంకెళ్లి చుక్కను పది పార్సెక్‌ల కాడికి జరిపితే ఎంత వెలుగుంటదో కట్టినం, మైనస్ 0.71 వచ్చింది. సూర్యుడు అదే దూరంల ఉంటే 4.83, అంటే కంటికి ఆనుడు ఆనక పోవుడు అన్నట్టు ఉంటడు. రెండింటి తేడా 5.54, రెట్లల్లకు మారిస్తే 164. రోహిణి సూర్యునికన్న 164 రెట్లు వెలుగునిస్తది. ఇక్కడ అన్ని సూర్యునితోనే పోల్చుడు ఎందుకంటే సూర్యుడే మన తూకం రాయి. ఆయన దూరం తెలుసు, ఆకాశంల అర డిగ్రీ వెడల్పు కనవడ్తడు కాబట్టి సైజు తెలుసు, భూమి కాడ చదరపు మీటరుకు 1,361 వాట్లు వస్తయి కాబట్టి మొత్తం ఎంత కక్కుతున్నడో తెలుసు.

ఇగ రంగు. నీలం ఫిల్టర్‌ల మాగ్నిట్యూడ్‌కెళ్లి పసుపు-పచ్చ ఫిల్టర్‌ల మాగ్నిట్యూడ్ తీసేస్తే వచ్చేదాన్ని కలర్ ఇండెక్స్ అంటరు. సిరియస్ అనే తెల్లగ మెరిసే చుక్కకు సున్నా, సూర్యునికి 0.65, రోహిణికి 1.54. పెద్దదైతే ఎరుపు, ఎరుపు అంటే చల్లన. గీజర్ మీద ఎరుపు వేడికి, నీలం చల్లనికి పెడ్తరు, చుక్కల కాడ పూర్తి ఉల్టా. 2012ల బాలెస్టెరోస్ అనే స్పెయిన్ ఆయన ఇచ్చిన ఫార్ములా ఒకటి ఉంది, రంగు నంబర్ పెడితే ఉష్ణోగ్రత వస్తది. సూర్యునికి పెట్టి చూస్తే 5,780 కెల్విన్ వచ్చింది, అసలుది 5,772, భలే ఉంది. రోహిణికి పెడితే 3,730.

ఉష్ణోగ్రత, వెలుగు రెండు తెలిస్తే సైజు దాక్కోలేదు. ఒక చదరపు మీటరు ఎంత వెలుగు కక్కుతదో ఉష్ణోగ్రత చెప్తది, నాలుగో ఘాతం లెక్కన. మొత్తం వెలుగు తెలుసు. భాగిస్తే ఎన్ని చదరపు మీటర్లో తెలుస్తది, గుండ్రటిదే కాబట్టి వ్యాసార్ధం వస్తది. గంతే. ఒక వంటకు ఎన్ని పొయ్యిలు ముట్టించిన్రో మొత్తం గ్యాస్ ఖర్చును బట్టి చెప్పినట్టు. 164కు వర్గమూలం, దాన్ని ఉష్ణోగ్రతల నిష్పత్తి వర్గంతోని సరి చేస్తే వచ్చింది 31.

ముప్పై ఒకటి. నేను చెప్పింది నలభై అయిదు.

అక్క బిడ్డ ఏమనలే, ఫోన్ల కాల్కులేటర్ నాకు చూపించి నవ్వింది. మళ్ల కట్టిన, మళ్ల 31. లాగ్ తప్పు పోయిందా అని చూసిన, లేదు. దూరం తప్పా అని చూసిన, లేదు. పన్నెండు దాటింది, అమ్మ కిందికెళ్లి కేకలు వెడ్తుంటే పోయి పండుకున్న గాని నిద్ర పట్టలే, ఇరవై ఏండ్లు పాఠం చెప్పినోనికి గిట్లయితదా అని.

తెల్లారి చీకటితోనే భోగి మంట. మంట పెద్దగ లేసినప్పుడు అందరం దూరం జరిగినం, కొంచెం సేపటికి మంట చల్లారి ఎర్రటి నిప్పులే మిగిలినయి. పిల్లలు మొహాలు కనవడ్తలేవని ఫోన్ లైట్లు వేసుకున్నరు. నిప్పులల్ల వెలుగు పెద్దగ లేదు, కాని మోకాళ్లు కాలుతున్నయి, నేను కుర్చీ ఎనుకకు జరుపుకున్న. జరుపుకున్నంక తట్టింది. వెలుగు లేని కాడ గీ సెగ ఎక్కడిది? కంటికి కనవడని ఇన్‌ఫ్రారెడ్. మరి నా కెమెరా ఆకుపచ్చ పిక్సెళ్లల్ల రోహిణి సెగ ఎంత పడ్డది? పడలే. నేను కొలిచింది కంటికి కనవడే వెలుగు మాత్రమే, గదే మొత్తం అనుకొని సైజు కట్టిన.

వీన్ సూత్రం నేనే పిల్లలతోని బట్టీ కొట్టిస్తా, ఎంత చల్లగుంటే వెలుగు శిఖరం అంత ఎరుపు దిక్కు జరుగుతది అని. 3,900 కెల్విన్ దగ్గర ఉండే దాని వెలుగు ఎక్కువ ఉండేది 743 నానోమీటర్ల కాడ, అంటే ఎరుపు అంచు దాటి ఇన్‌ఫ్రారెడ్‌ల కాలు పెట్టే కాడ. గాదాన్ని దాటినంక ఇంకా పొడుగు తోక ఉంటది. సిరియస్‌ది ఉల్టా, దాని శిఖరం అల్ట్రావయొలెట్‌ల ఉంటది. అందుకే ఫిల్టర్‌ల కొలిచిన వెలుగును మొత్తం వెలుగు చేసేటందుకు ఒక సవరణ ఉంటది, బోలోమెట్రిక్ కరెక్షన్ అంటరు. మార్కెట్ల తేమకు తరుగు తీస్తరు కదా, గట్ల, కాకపోతే ఇక్కడ తీసుడు కాదు, కలుపుడు. సూర్యునికి ఇది చిన్నది, రోహిణి లాంటి ఉబ్బిపోయిన ఎర్ర జెయింట్‌కు సూర్యునికన్న దాదాపు 1.1 మాగ్నిట్యూడ్ ఎక్కువ, అంటే 2.75 రెట్లు. 164 కాస్త 450 అయింది. మొత్తం వెలుగుల సగం కన్న ఎక్కువ నేను పారబోసిన అన్నట్టు.

మళ్ల తక్‌పట్టి తీసి కట్టిన. ఈసారి 51. తక్కువైంది అనుకుంటే ఇప్పుడు ఎక్కువాయె.

ఈ ఎక్కువకు కారణం ఉష్ణోగ్రత. ఆ రంగు ఫార్ములా చుక్కను ఉత్త కాలే ఇనుప గుండు లెక్క చూస్తది, కాని చుక్క పై పొరలల్ల ఇనుము, టైటానియం, కాల్షియం లాంటివి ఉండి ఎక్కడికక్కడ వెలుగును మింగుతయి, ముఖ్యంగ నీలం దిక్కు. అందుకే ఉన్నదానికన్న ఎర్రగ కనవడ్తది, ఫార్ములా మోసపోతది. గట్టి ఉష్ణోగ్రత కావాలంటే స్పెక్ట్రం, అంటే రంగులుగ విడదీసిన వెలుగు చూడాలె, దాంట్ల ఏ గీత ఎంత నల్లగుంది అని. ఈ గీతలను ఉష్ణోగ్రతకు ముడేసింది మన మేఘనాథ్ సాహా, 1920ల. ఫలానా వేడి కాడ ఫలానా పరమాణువులల్ల ఎన్ని ఎలక్ట్రాన్ పోగొట్టుకుంటయి అని ఒక సమీకరణం ఇచ్చిండు. దాన్నే పట్టుకొని 1925ల సిసీలియా పేన్ తన థీసిస్‌ల, చుక్కలల్ల గీతలు వేర్వేరుగ ఉన్నా అన్నిట్ల ఎక్కువుండేది హైడ్రోజనే అని తేల్చింది. సిరియస్‌ల హైడ్రోజన్ గీతలు దట్టంగ ఉంటయి, రోహిణిల సన్నగ ఉంటయి, సరుకు మాత్రం రెండింట్ల అదే. నాకు సాహా పేరు చెప్పేటప్పుడల్ల ఒక చిన్న కోపం వస్తది, మన సిలబస్‌ల ఆయనకు ఒక్క పేజీ కూడ లేదు.

స్పెక్ట్రం లెక్కన రోహిణి 3,900 కెల్విన్. 3,730కి 3,900కి ఏం పెద్ద తేడా అనిపిస్తది, వందల నాలుగున్నర. కాని సైజు లెక్కల అది వర్గమయ్యి తొమ్మిది అయితది. మళ్ల కడితే 46న్నర.

ఇగ నేను చెప్పిన 45 పక్కకు వచ్చిన అని ఊపిరి పీల్చుకుంటే అక్క బిడ్డ వదల్లే, "జవాబు ముందే తెలుసు కాబట్టి గదే వచ్చేదాక తిప్పినవ్ మామా" అన్నది. నిజంగ గట్టి మాట. 31 రాంగనే తప్పు ఎతికిన, 51 రాంగనే తప్పు ఎతికిన, 46న్నర రాంగనే ఎతుకుడు బంద్ చేసిన. ల్యాబుల పిల్లలు కూడ గిదే పని చేస్తరు, జీ విలువ 9.8 వచ్చేదాక లోలకం ఊపుతరు, నేను చూసీ చూడనట్టు సంతకం పెడ్తా.

కాబట్టి ఈ దారితోని సంబంధం లేని ఇంకో దారి కావాలె. రోహిణికి అది ఉంది, అదీ చందమామ పుణ్యాన. చంద్రునికి ఇరవై ఏడుగురు భార్యలైనా రోహిణి మీదనే మనసు, మామ దక్షుడు శాపం పెట్టేదాక పోయింది అని కథ ఉంది కదా. ఆ కథ ఎట్ల పుట్టిందో గాని, ఆకాశంల చంద్రుడు నిజంగనే రోహిణిని అప్పుడప్పుడు పూర్తిగ కప్పేస్తడు, ఎందుకంటే రోహిణి చంద్రుడు నడిచే బాటల్నే ఉంది. 2015 నుంచి 2018 దాకా నెలనెలా ఈ కప్పుడు నడిచింది, భూమి మీద ఒక్కోసారి ఒక్కో జాగాల కనవడింది, మళ్ల 2033ల మొదలైతది. కంటికి చూస్తే చుక్క ఠక్కున ఆరిపోతది. కాని మస్తు స్పీడుగ కొలిచే పరికరం పెడితే ఠక్కున కాదు, సెకనుల పాతికో వంతు పడ్తది. చంద్రుడు చుక్కల మధ్య సెకనుకు అర ఆర్క్‌సెకను జరుగుతడు. గంత సేపు పట్టిందంటే చుక్క ఒట్టి చుక్క కాదు, దానికి వెడల్పు ఉంది. చంద్రుని అంచు కాడ వెలుగు వంగి అలలు అలలుగ వస్తది, గా అలల రూపును బట్టి లెక్క కడ్తరు. గట్ల రోహిణి వెడల్పు 20.6 మిల్లీ ఆర్క్‌సెకన్లు అని తేలింది.

ఇక్కడ నాకు బాగ నచ్చిన ఉపాయం ఒకటి ఉంది. చుక్క వెడల్పు కోణాన్ని పారలాక్స్ కోణంతోని భాగిస్తే చాలు, దాని అసలు వెడల్పు భూమికి సూర్యునికి ఉన్న దూరంల ఎంతో నేరుగ వస్తది, వేరే ఏ లెక్కా అక్కరలేదు. 20.6ను 48.94తోని భాగిస్తే 0.42. అంటే ఆరు కోట్ల ముప్పై లక్షల కిలోమీటర్లు. సూర్యుని వెడల్పుతోని భాగిస్తే 45.

ఇందుల ఉష్ణోగ్రత లేదు, బోలోమెట్రిక్ సవరణ లేదు, నా కెమెరా లేదు. అయినా 45, 46న్నర. ఇప్పుడు పిల్ల కూడ ఏమనలే, తక్‌పట్టి తీసుకొని ఒకసారి తనే కట్టుకున్నది.

అట్లని ఏ చుక్క అయినా గిట్ల వస్తది అనుకోవద్దు. పట్టు దొరికింది కదా అని ఆ పిల్ల సాయంత్రం ఆరుద్ర మీద పడ్డది, బెటెల్‌గూస్. తొలకరికి ఆరుద్ర కార్తెల ఎర్ర మఖమల్ లెక్క ఆరుద్ర పురుగులు వస్తయి చూడు, ఆ పేరున్న చుక్క కూడ అంతే ఎరుపు. ఫోన్ల ఎతికితే దూరం ఒక కాడ 430 కాంతి సంవత్సరాలు, ఒక కాడ 640, ఒక కాడ 550. మూడూ సైంటిస్టులవే, 1997 హిప్పార్కస్‌ది, 2008ది, 2020ది. దూరం ఒకటిన్నర రెట్లు మారితే సైజు ఒకటిన్నర రెట్లు, వెలుగు రెండుంబావు రెట్లు మారుతది. ఎందుకింత గోల అంటే పైన చెప్పిన ఉపాయంల్నే జవాబు ఉంది. ఆరుద్ర భూమి సూర్యుల దూరంకన్న ఏడెనిమిది రెట్లు వెడల్పు, అంటే దాని పళ్లెం దాని పారలాక్స్ కన్న ఏడెనిమిది రెట్లు పెద్దది. గా పళ్లెం మీద మచ్చలు ఉబుకుతుంటయి, 2019 చివర్ల అయితే అది మసకబారి లోకమంత పేలుతదేమో అని చూసింది. గట్ల మసులుతున్న పళ్లెం నడిమధ్య ఎక్కడో పట్టుకొని, దానికన్న చిన్న కదలికను కొలవాలె. పిల్ల మూడు దూరాలకు మూడు సైజులు రాసి పక్కన ప్రశ్నార్థకం పెట్టింది, నేను దానికి ఫుల్ మార్కులేసిన.

పారలాక్స్ అందని చుక్కలకు దూరం పట్టే దారులల్ల ఒకటి మన హైదరాబాద్‌ల పెరిగిన వేణు బప్పుది, ఆయన నాయిన నిజామియా అబ్జర్వేటరీల పనిచేసిండు. 1957ల విల్సన్‌తోని కలిసి, రోహిణి లాంటి చల్లటి చుక్కలల్ల కాల్షియం గీత నడుమ ఒక సన్న మెరుపు ఉంటది, గా మెరుపు ఎంత వెడల్పుంటే చుక్క అంత వెలుగుది అని చూపించిండు. ఇది మా కాలేజీల ఏ సార్ చెప్పలే, నేనూ ఇప్పటిదాక ఏ క్లాసుల చెప్పలే.

రాత్రి సకినాలు తినుకుంట అమ్మకు ఇదంత చెప్తే అన్ని విని, "సైజు సరే, బరువెంత?" అన్నది. పత్తి అమ్మేటామెకు వెడల్పుతోని పనేముంది.

బరువు కష్టం అమ్మా అన్న. చుక్క బరువు తూచాలంటే పక్కన ఇంకో చుక్క తిరగాలె. సిరియస్‌కు ఉంది, 1844ల బెస్సెల్ దాని వంకర నడక చూసి పక్కన కనవడనిది ఏదో ఉందన్నడు, 1862ల అల్వాన్ గ్రాహం క్లార్క్ టెలిస్కోపుల చూసిండు. రెండూ ఒకదాని చుట్టు ఒకటి 50 ఏండ్లకోసారి తిరుగుతయి, మధ్య దూరం సగటున భూమి సూర్యుల దూరంకు ఇరవై రెట్లు. ఇరవై ఘనం 8,000, యాభై వర్గం 2,500, భాగిస్తే 3.2, అంటే రెండు కలిసి సూర్యునికన్న మూడింతలు, చానా సున్నితంగ కడితే 3.1. రోహిణికి అట్ల తూచేటందుకు జోడీ లేదు.

"కాంట లేకుండ బరువెట్ల చెప్తరు మరి?"

కుండ కొనేటప్పుడు వేలితోని కొట్టి చూస్తవ్ కదా అన్న. చుక్కలు కూడ లోపల మరిగే గ్యాస్‌తోని వాటంతట అవే మోగుతుంటయి, సప్పుడు మనకు రాదు గాని వెలుగు, ఉపరితలం సన్నగ ఊగుతది. ఊగుడు నిదానం అయితే చుక్క గురుత్వం పట్టు తక్కువ, జల్ది అయితే పట్టు ఎక్కువ, గా పట్టును సైజుతోని కలిపితే బరువు. 2018ల రోహిణికి గట్ల కడితే సూర్యునికి 1.16 రెట్లు వచ్చింది. అంత పెద్ద ఒళ్లు, బరువు మాత్రం సూర్యునికన్న కొంచెమే ఎక్కువ. సగటున చూస్తే మనం పీల్చే గాలికన్న అరవై డెబ్బై రెట్లు పల్చన.

పిల్ల అప్పటికే ఫోన్ల పట్టు లెక్క కట్టింది. 1.16ను 45 వర్గంతోని భాగించి, సూర్యుని మీది గురుత్వంతోని గుణించి, భూమితోని పోల్చింది. "అమ్మమ్మా, క్వింటాల్ పత్తి రోహిణి మీద కాంటా పెడితే కిలోన్నర పైన చూపిస్తది."

అమ్మ సకినం పక్కన పెట్టింది. "గట్లయితే అక్కడ అమ్మొద్దు."

"కరెంటు కాంటా అయితే గట్ల. రాళ్ల తక్కెడ అయితే రాళ్లు కూడ గంతే తగ్గుతయి కదా, క్వింటాల్ క్వింటాలే ఉంటది" అన్నది పిల్ల.

"నేను ముందునుంచి గదే అంటున్న," అన్నది అమ్మ, "తక్కెడనే మంచిగుండె."